పక్షుల నెలవులు: గుర్తించుట, కాపాడుట



ప్రతి ఉదయము మేడలపై పావురములకు జొన్నలు చల్లుట, వేసవిలో మట్టి మూకుళ్ళలో నీరుంచుట మనలో పెక్కు కుటుంబములకు తరతరముల అలవాటు. ఢిల్లీలో ఎఱ్ఱకోట యెదుట దిగంబర జైన లాల్ మందిరములో నడచుచున్న పక్షుల ఆసుపత్రి లోకప్రసిద్ధము. శాంతినాథ స్వామి పూర్వజన్మమున మేఘరథ మహారాజై, శరణన్న పావురమును కాపాడుటకు తన దేహమునే త్రాసులో పెట్టిన కథ మన పిల్లలకు కూడ తెలియును. పక్షిపై దయ మనకు క్రొత్తగా నేర్పవలసిన పాఠము కాదు.

అయినను ఈ దయకు ఒక హద్దు ఏర్పడి పోయినది. పావురము మన వీధి పక్షి. మనము గింజ వేసినను వేయకున్నను అది నగరములో బ్రతుకగలదు. గూడబాతు, నత్తగుల్లకొంగ, నీటికాకి, ఉత్తరదేశముల నుండి వచ్చు బాతులు మన మేడలపై వ్రాలవు, మన గింజలను ముట్టవు. వానికి కావలసినది మన దానము కాదు. అవి నిలుచు చోటు వానికి మిగిలియుండుటయే కావలెను. ఆ చోటులను పండితులు ఎట్లు గుర్తింతురు, మన చుట్టుపట్ల అట్టివి ఎక్కడ నున్నవి, వర్తకులమైన మనకు వానితో నేమి సంబంధము అను మూడు విషయములను నాకు తెలిసినంతవరకు ఈ వ్యాసమున వివరింతును.

1. నెలవు అనగా నేమి?

వర్తకునికి దుకాణము, గోదాము, ఇల్లు మూడును కావలెను. ఇందులో ఏది పోయినను వ్యాపారము సాగదు. పక్షికి కూడ అట్లే గూడు కట్టుటకు ఒక చోటు, మేతకు ఒక చోటు, రాత్రి నిర్భయముగా విశ్రమించుటకు ఒక చోటు కావలెను. ఈ మూడును ఒక్కచోటనే దొరకవలెనని లేదు. కాని ఒకదాని కొకటి ఎగిరి పోగలిగినంత దూరములో నుండవలెను.

గూడబాతును చూడుడు. అది పెద్ద పక్షి. దానికి బరువు నోపగల చెట్లు కావలెను. ఆ చెట్లు నీటి నడుమ నుండిన, పిల్లులు, కుక్కలు గూటిని చేరలేవు. పిల్లలు ఎదిగి రెక్కలు వచ్చువరకు కొన్ని నెలలు ఆ నీరు ఎండిపోరాదు. సమీపమున చేపలున్న లోతులేని జలము ఉండవలెను. బాణసంచా మ్రోతలు, జనసమ్మర్దము ఉండరాదు. ఇన్నియు కుదిరిన చోటులు మిక్కిలి తక్కువ. అందుచేతనే ఒక చెరువు పూడ్చి, దానికి బదులు వేరొకచోట గుంట త్రవ్వించితిమి అన్నంతమాత్రమున లెక్క సరిపోదు. గుంట ఒక యేడాదిలో త్రవ్వవచ్చును. దాని చుట్టు చెట్లు ఎదిగి, నీటిలో జీవకోటి కుదిరి, పక్షులకు నమ్మకము కలుగుటకు తరములు పట్టును.

ఇక వలస పక్షుల సంగతి. సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా దేశములలో చలికాలమున సరస్సులు గడ్డకట్టును. అక్కడి పక్షులు దక్షిణమునకు బయలుదేరి మన దేశమున చలికాలము గడపి, ఎండలు ముదురకముందే తిరిగి పోవును. పట్టెతల బాతు హిమాలయ పర్వతములనే దాటి వచ్చును. ఈ దారిలో ముప్పది దేశము లున్నవి. దూరప్రయాణము చేయు బాటసారికి దారిలో సత్రములు ఎట్లో, ఈ పక్షులకు చెరువులు, మడుగులు అట్లు. నడుమ ఒక్క సత్రము మూతబడినను ప్రయాణికుడు ఆకలితో పడిపోవును.

2. ముఖ్యమైన నెలవును ఎట్లు గుర్తింతురు?

లోకములోని ప్రతి గుంటను, ప్రతి తోపును కాపాడుట సాధ్యము కాదు. కనుక ముందు ఏవి ముఖ్యములో తేల్చుకొనవలెను. ఈ పనికై 1922లో ఏర్పడి, నేడు బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ అను పేర నున్న సంస్థ కొన్ని పరీక్షలు నిర్ణయించినది. సులభముగా చెప్పవలెనన్న అవి నాలుగు.

మొదటిది: లోకమున అంతరించి పోవు స్థితిలో నున్న జాతి అక్కడ నిలుకడగా నుండుట. రెండవది: చిన్న ప్రదేశములో తప్ప మరెక్కడను లేని జాతులు అక్కడ నుండుట. మూడవది: ఒకే విధమైన ప్రకృతికి అలవడిన జాతులు, అనగా కొండ అడవికో, ఎడారికో కట్టుబడినవి, గుంపుగా అక్కడ దొరకుట. నాలుగవది: పక్షులు విశేష సంఖ్యలో ఒకచోట చేరుట.

ఈ నాలుగవ పరీక్ష మన చెరువులకు ఎక్కువగా వర్తించును. ఒక జాతి మొత్తము సంఖ్యలో నూటికి ఒక వంతు ఆ చోట చేరినచో అది ముఖ్యమైన నెలవే. ఉదాహరణకు, ఒక జాతి పక్షులు మొత్తము ఇరువది వేలు ఉన్నవనుకొందము. వానిలో రెండు వందలు ఒక చెరువుకు వచ్చిన చాలును. ఒకే జాతి కాకపోయినను, అన్ని జాతులు కలిసి ఇరువది వేల నీటిపక్షులు చేరు చోటు కూడ లెక్కకు వచ్చును.

మన దేశమున ఈ పనిని 1883లో స్థాపింపబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ చేపట్టినది. 2004లో వెలువడిన వారి గ్రంథమున 466 చోటులు, 2016 నాటి సవరించిన గ్రంథమున 554 చోటులు గుర్తింపబడినవి. మన తెలుగు ప్రాంతపు కొల్లేరు, నేలపట్టు, పులికాట్ ఇందులో నున్నవి.

దీనికి తోడు 1971 ఫిబ్రవరి 2వ తేదీన ఇరాను దేశపు రామ్‌సర్ పట్టణమున నీటి నేలల రక్షణకై ఒక అంతర్జాతీయ ఒడంబడిక జరిగినది. మన దేశము 1982లో అందు చేరినది. ఆ జాబితాకెక్కిన చోటును కాపాడుదుమని ప్రభుత్వము లోకము యెదుట మాట యిచ్చినట్లు లెక్క.

మరి ఈ సంఖ్యలు ఎక్కడి నుండి వచ్చును? మనము ఏటేట దీపావళికి సరుకు లెక్క చూచి క్రొత్త పుస్తకము తెరచునట్లు, 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా ఖండమంతట నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. లెక్కించువారిలో ఎక్కువమంది జీతము లేని సామాన్యులు: ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విద్యార్థులు. మన నగరమున 1978లో స్థాపింపబడిన మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ వారును పక్షులను చూచి వ్రాసి యుంచు పనిని దశాబ్దములుగా చేయుచున్నారు. లెక్క వ్రాయని దుకాణమున నష్టము తెలియదు. పక్షుల విషయమునను అంతే.

3. మన చుట్టుపట్ల నున్న నెలవులు

వేడంతాంగల్. చెంగల్పట్టు జిల్లాలో, మన నగరమునకు సుమారు ఎనుబది కిలోమీటర్ల దూరమున నున్న చిన్న చెరువు ఇది. విస్తీర్ణము ముప్పది హెక్టార్లే. తమిళమున ఈ పేరునకు వేటగాని పల్లె అని అర్థము చెప్పుదురు. ఒకప్పుడు వేటకు పేరుపడిన చోటు, ఊరివారి పట్టుదలచేత పక్షులకు శరణాలయ మయినది. పక్షుల రెట్టలు కలసిన చెరువు నీరు పొలములకు పారిన పైరు ఏపుగా పెరుగుట రైతులు కనిపెట్టిరి. తెల్ల సిపాయిలు పక్షులను కాల్చినప్పుడు వారు కలెక్టరుతో మొరపెట్టుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దము చివర లయొనెల్ ప్లేస్ అను కలెక్టరు కాలముననే ఊరివారికి ఈ రక్షణ లభించినది. 1858లో అది మరల ఖాయమయినది. పక్షులు బెదరునని ఊరివారు దీపావళికి టపాకాయలు కాల్చరు. 2020లో ఈ శరణాలయపు హద్దులను కొంత తగ్గింపవలెనని ప్రతిపాదన రాగా, ప్రజల అభ్యంతరముల పిమ్మట ప్రభుత్వము దానిని వెనుకకు తీసికొన్నది. 2022లో వేడంతాంగల్ రామ్‌సర్ జాబితాకెక్కినది.

నేలపట్టు, పులికాట్. మన నగరము నుండి పొళల్ కేసర్‌వాడి మందిరమునకు పోవునప్పుడు మనమెక్కు నెల్లూరు రోడ్డుననే ఇంకను ముందునకు పోయిన సూళ్ళూరుపేట వచ్చును. దాని సమీపమున నేలపట్టు చెరువున్నది. 1976లో పక్షి శరణాలయముగా ప్రకటింపబడినది. నీటిలో నిలిచి పెరుగు కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్లకంకణములు, నీటికాకులు గూళ్ళు కట్టును. గూడు ఇక్కడ, మేత ఎక్కువగా పులికాట్ సరస్సున. పైన చెప్పిన దుకాణము, గోదాముల సామ్యము ఇక్కడ కన్నులార చూడవచ్చును. పులికాట్ మన దేశమున చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. అందు పెద్ద భాగము ఆంధ్రదేశమున, కొంత తమిళనాట నున్నది. చలికాలమున వేలకొలది ఫ్లెమింగో పక్షులు దాని లోతులేని నీటిలో నిలిచి, వంకర ముక్కుతో బురద నీటిని వడియగట్టి తినును. సముద్రపు ముఖద్వారము ఇసుకతో పూడినచో సరస్సు ఎండును, ఆ పక్షులు రావు. నేలపట్టును ఎంత కాపాడినను పులికాట్ చెడినచో గూటిలోని పిల్లలకు మేత ఉండదు.

కొల్లేరు. పెదమీరము తీర్థమునకు గుడివాడ మీదుగా రైలులో పోవువారు కైకలూరు, ఆకివీడు స్టేషనులు దాటుదురు. ఆ ప్రక్కనే కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సున్నది. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. అప్పటికే సరస్సు గర్భములో చేపల చెరువుల గట్లు లేచి నీటి దారులను మూసివేసినవి. 2006లో ప్రభుత్వము ఆ గట్లను కొట్టివేయించినది. తరువాత ఆక్రమణలు మరల తలయెత్తినవి. ప్రకటన వ్రాయుట ఒక రోజు పని. దానిని నిలుపుట ప్రతి యేటి పని. కైకలూరు సమీపమున ఆటపాకలో మాత్రము గూడబాతులు నేటికిని గూళ్ళు కట్టుచు చూడవచ్చిన వారికి సంతోషము కలిగించుచున్నవి.

పళ్లికరణై. ఇది అన్నిటికంటె మనకు దగ్గరది. నగరము దక్షిణమున వేళచ్చేరి దాటిన పిమ్మట వచ్చు చిత్తడి నేల. చుట్టుపట్ల ముప్పదికి పైగా చెరువుల మిగులు నీరు దీనిలోనికి దిగి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి, కోవలము వద్ద సముద్రమును చేరును. ఒకప్పుడు సుమారు అయిదు వేల హెక్టార్లని చెప్పబడు ఈ నేలలో నేడు మిగిలినది కొద్ది భాగమే. దీని మీద రోడ్లు, కచేరీలు, నివాసములు, కంపెనీల మేడలు లేచినవి. పెరుంగుడి ప్రక్కన నగరపు చెత్త దశాబ్దముల తరబడి దీనిలోనే పోయబడినది. 2007లో 317 హెక్టార్లు రిజర్వు అడవిగా ప్రకటింపబడినవి. 2022లో సుమారు 1,247 హెక్టార్లు రామ్‌సర్ జాబితాకెక్కినవి.

ఇంత దెబ్బ తగిలినను నూటికి పైగా పక్షిజాతులు ఇక్కడ కనిపించును. నీలివన్నె నీటికోడి, తామరాకులపై నడచు పొడుగువేళ్ళ పక్షి, గూడబాతులు, చలికాలపు బాతులు, ఒక్కొక్క యేడు ఫ్లెమింగోలు కూడ రోడ్డు మీద నిలిచి చూచిన కనబడును. కోటి జనాభా నగరపు గడపలో ఇట్టి భాగ్యము అరుదు.

పక్షుల మాట అటుంచి, మన మాటయే చూచుకొందము. చిత్తడి నేల స్పంజి వంటిది. వానల నీటిని పీల్చుకొని మెల్లగా విడుచును. దానిని పూడ్చిన యెడల నీరు తన పాత హక్కును అడుగును. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరున మిచౌంగ్ తుపానులోను వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతములు మునిగినవి. నేల మాళిగలలోను, క్రింది అంతస్తు గోదాములలోను సరుకుంచిన వర్తకులు పడిన నష్టము మనలో పలువురికి స్వానుభవము.

నాలుగేండ్ల క్రిందట మా బంధువొకరు ఆ దిక్కున స్థలము కొనబోవుచు నన్ను తోడు రమ్మనిరి. దళారి పత్రములన్నియు చూపెను. పట్టా సరిగానున్నదనెను. అది మార్గశిర మాసము. ప్రక్కయింటి గోడపై నడుమెత్తున నీటి మరక యుండెను. ఇదేమని నేనడుగగా, అది పాత వాననీరు, ఇక రాదు అని దళారి జవాబు. మా బంధువు పత్రముల వైపు కాక ఆ మరక వైపు చాలసేపు చూచి, బయానా ఇవ్వకయే వెనుకకు వచ్చిరి. పత్రములు మనుష్యులు వ్రాసినవి, ఆ మరక నీరు వ్రాసినది. వర్తకుడు రెండు పుస్తకములను చదువవలెను.

ఖీచన్. మార్వాడు ప్రాంతముతో సంబంధమున్న మనవారికి రాజస్థానమున ఫలోదీ సమీపపు ఈ గ్రామము తెలియును. చలికాలమున మంగోలియా, మధ్య ఆసియాల నుండి కుర్జా పక్షులు వేలకొలదిగా వచ్చును. గ్రామములోని జైన కుటుంబములు కంచె కట్టిన ఆవరణములో వానికి జొన్నలు చల్లించి కీర్తి గడించినవి. 2025లో ఖీచన్ రామ్‌సర్ జాబితాకెక్కినది. ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. జాబితాకెక్కినది గింజలు చల్లు ఆవరణము కాదు. ఆ పక్షులు నీరు త్రాగి విశ్రమించు చెరువులు, వాని పరిసరములు. చెరువు నిలిచినందుననే గింజ సార్థకమయినది.

4. శ్రావక ధర్మము ఏమి చెప్పుచున్నది?

గృహస్థుని సప్తమ వ్రతము భోగోపభోగ పరిమాణము. దానికి చేర్చి మన పూర్వాచార్యులు పదునైదు కర్మాదానములను, అనగా శ్రావకుడు విడువదగిన జీవనోపాయములను చెప్పిరి. ప్రతిక్రమణ సమయమున మనము వీనిని స్మరింతుము. బొగ్గు కాల్చుట, అడవులు నరకుట, దంతముల వర్తకము, విష వర్తకము మొదలగునవి చాలమందికి గుర్తుండును. ఆ జాబితాలో చివరకు ముందుది సరశోషణము. సరస్సులను, మడుగులను, చెరువులను ఎండించుట దానికి అర్థము.

ఆలోచించి చూడుడు. రామ్‌సర్ ఒడంబడికకు ఎన్నియో శతాబ్దములకు ముందే, ఒక వర్తక సమాజమునకు చెరువు నెండించి గడించిన ధనము పనికిరాదని నిషేధము విధింపబడినది. కారణము స్పష్టము. చెరువులో నీటి జీవములు, నాచు, పురుగులు, చేపలు, కప్పలు, పక్షులు, ఏకేంద్రియము మొదలు పంచేంద్రియము వరకు అన్ని మెట్ల జీవులును గలవు. ఒక పక్షిని కొట్టిన ఒక హింస. చెరువు నెండించిన, లెక్కకు అందని హింస. సుమతినాథ స్వామి లాంఛనము శ్వేతాంబర సంప్రదాయమున క్రౌంచము, దిగంబర సంప్రదాయమున చక్రవాకము. రెండును నీటి చెంత నుండు పక్షులే యగుట గమనింపదగినది.

నేడు చెరువు నెండించువాడు పార పట్టుకొని కనబడడు. లారీతో మట్టి తోలించువాడొకడు, లేఅవుటు వేయువాడొకడు, పెట్టుబడి పెట్టువాడొకడు. మూడవవాడు చెరువును చూచియుండడు కూడ. అయినను చేయుట, చేయించుట, చేసినదానిని అనుమోదించుట అను మూడు విధముల కర్మబంధము మనకు చిన్ననాడే నేర్పబడినది. చేత మట్టి అంటలేదను సమాధానము ఇక్కడ చెల్లదు.

దీనికి ఎదురు వాదము లేకపోలేదు. జనము పెరుగుచున్నారు, ఇండ్లు ఎక్కడ కట్టవలెను అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందుచేతనే అన్ని గుంటలను కాక ముఖ్యమైనవానిని గుర్తించు శాస్త్రము పుట్టినది. కట్టదగిన నేల వేరు, నీరు నిలుచు నేల వేరు. రెండవదాని మీద కట్టిన ఇల్లు నివాసమునకు కూడ సుఖము కాదని రెండు వరదలు మనకు చూపినవి.

5. మనము చేయదగిన పనులు

(1) స్థలము కొనుటకు ముందు సర్వే నంబరుతో పాత రెవిన్యూ లెక్కలు చూపించుకొనుడు. చెరువు పొరంబోకు, వాగు, కాలువ అని ఎక్కడ వ్రాసియున్నను విడువుడు. వానకాలమున ఒకసారి స్వయముగా పోయి చూడుడు. ఇటుకలు, కంకర, సిమెంటు వర్తకము చేయువారును సరుకు ఎక్కడికి పోవుచున్నదో విచారించుట మంచిది.

(2) పర్యూషణ పర్వమున పంజరపు పక్షులను కొని విడుచుట మనలో కొందరి ఆచారము. ఉద్దేశ్యము పవిత్రమే. ఫలితము విపరీతము. మనము కొందుమని తెలిసియే పట్టువారు చిలుకలను, చిన్న పిచ్చుక జాతులను వలవేసి తెత్తురు. దారిలో కొన్ని చచ్చును. విడిచినవానిలో కొన్ని రెక్క లాడక పడిపోవును. గిరాకి యున్నంతకాలము సరుకు వచ్చుచునే యుండునను సంగతి మనకంటె ఎవరికి తెలియును? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చిలుకలు మొదలగు మన అడవి పక్షులను పట్టుట, అమ్ముట నేరము కూడ. ఆ సొమ్మును గాయపడిన పక్షుల చికిత్సకు ఇచ్చిన పుణ్యము నిలుచును.

(3) గాజుపొడి పూసిన నైలాను మాంజా దారమును జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించినది. దానిని అమ్మవలదు, పిల్లలకు కొనిపెట్టవలదు.

(4) దుకాణపు ప్లాస్టికు చెత్త ఎక్కడ చేరునో కనుక్కొనుడు. వానకాలువలో పడినది చివరకు మడుగులోనే తేలును.

(5) యాత్రలకు పోవునప్పుడు పిల్లలకు ఒక పూట నేలపట్టో వేడంతాంగలో చూపుడు. దూరముగా నిలిచి, శబ్దము చేయక, మేత వేయక చూడవలెనని చెప్పుడు. జనవరి లెక్కలో మన యువకులు నలుగురు చేరినను మేలు.

(6) ఊరి చెరువును పక్షుల కొరకు కాపాడుచున్న గ్రామములకు సంఘము తరఫున సాయము చేయుట ఉత్తమ దానము. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురము వారు పక్షుల రాకను శుభముగా భావించి వానిని తమ యింటి బిడ్డల వలె చూచుకొందురు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులు అట్లే ఊరివారి ఆదరముచేత నిలిచినవి. వారికి మన పొగడ్తకంటె చెరువు పూడిక తీయించుట, చెట్లు నాటించుట ఎక్కువ ఉపకరించును.

ముగింపు

ఈ పాఠమున ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి మూడు. పక్షికి గూడు, మేత, విశ్రాంతి అను మూడు చోటులును కావలెను. ముఖ్యమైన నెలవును కంటి యందముచేత కాక లెక్కచేత గుర్తింతురు. గుర్తించిన పిమ్మట దానిని నిలుపునది చట్టము ఒక్కటే కాదు, దాని పక్కన నివసించు జనుల నడవడి.

వేడంతాంగల్ రైతులు పెద్ద చదువులు చదివినవారు కారు. తమ పొలమునకు లాభము, పక్షికి ప్రాణము, రెండును ఒకే చెరువులో నున్నవని గ్రహించి రెండు శతాబ్దములకు పైగా మాట తప్పక నిలిచిరి. లాభనష్టములను బేరీజు వేయుట మన వృత్తి, జీవదయ మన వ్రతము. పళ్లికరణై విషయమున ఈ రెండును ఒకే మాట చెప్పుచున్నవి. ఆ మాటను ఈ సంవత్సరము స్థలము కొనబోవు ప్రతి కుటుంబమును ఒకసారి తలంచుకొనునుగాక.

జై జినేంద్ర.